మట్టు మీట

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఇంట్లోవాళ్ళు అంటారు. అబద్ధమేమీ కాదు. ఆ కోపాన్ని ఏడేళ్ళకు పైగా పక్క బల్ల దగ్గర కూర్చుని నవ్వుతూ భరించిన మనిషి ఒకరున్నారు. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. ముస్లిముల ఇంటి ఆడపడుచు, ఇంట్లో కూడా తెలుగే మాట్లాడేవాళ్ళు. నేను ఆమెను ఆపా అని పిలిచేదాన్ని, అంటే అక్క.

మా ఆఫీసు అనంతపురంలో ఒక సైకిలు షాపు మీద రెండు గదులు. సర్కారు కొలువులో ఇంజనీరుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన నడిపేవాడు. మాకాయన సారు, అంతే. చెరువు తూములు, చెక్‌డ్యాములు, అన్నిటికంటే ఎక్కువగా బావులు, వీటి పటాలు గీసి ఇవ్వడం మా పని. కరువు పనులు చేయించే సంస్థలు పల్లెల్లో కొలతలు తీయించి మాకు పంపేవి. మా జిల్లాలో వానలకు కరువు గానీ బావుల పటాలకు ఎన్నడూ కరువు లేదు. నీళ్ళు దిగిపోయిన కొద్దీ బావిని ఇంకాస్త లోతు తవ్వాలి, తవ్వాలంటే మళ్ళీ పటం కావాలి.

ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివి, సర్టిఫికెట్టుతోపాటు బోలెడంత గర్వం కూడా చంకలో పెట్టుకుని నేను ఆ మెట్లెక్కింది ఎనభైల మొదట్లో. మొదటిరోజు ట్రేసింగ్ కాగితం మీద నేను సిరాతో గీసిన గీతను ఆపా ఒక్కమాటు చూసి, సగం బ్లేడు ముక్క తీసుకుని, కాగితం పొర లేవకుండా గీకి పారేసింది.

"మళ్ళా గియ్యి పాపా. ఈ గీత నిద్రపోతాండాది," అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. మళ్ళీ గీశాను. మళ్ళీ గీకింది. నాలుగోసారి గీకలేదు. ఎండాకాలం మణికట్టు కింద తువాలు ఎట్లా వేసుకోవాలి, చెమటబొట్టు కాగితం మీద పడితే ఏం చేయాలి, పెన్నులో సిరా గడ్డకడితే ఎట్లా కడగాలి, ఇవన్నీ ఐటీఐలో చెప్పలేదు, ఆపా చెప్పింది. ఇంగ్లీషు అక్షరాలు ఆమె రాసినట్టు జిల్లాలో ఇంకెవరూ రాయలేరని సారు అందరితో చెప్పేవాడు. ఆపాకు ఇంగ్లీషు చదవడం రాదు. ఒక్కొక్క అక్షరాన్నీ మెట్టునో గోడనో గీసినట్టు బొమ్మగా గీసేది. ఎదురుగా మాట రాసి పెడితే చాలు, అచ్చులో పోసినట్టు దించేది.

భర్త పోయి చాలా ఏళ్ళయింది. బిడ్డలు లేరు. కిటికీ పక్కన ఆ బల్ల, ఆ ఎత్తు కుర్చీ, ఆమెకు అవే ఇల్లు.

నేను చేరిన మూడోయేడో నాలుగోయేడో, ఆపా మా అందరితోపాటు టీ తాగడం మానేసింది. గ్లాసు బల్ల మీదే పెట్టించుకుని, అందరం తాగేసి మళ్ళీ పనిలో పడ్డాక, గోడవైపు తిరిగి తాగేది. చల్లటి టీ ఏం రుచి అని వెక్కిరించాను కూడా. తర్వాత ఒకరోజు చూశాను. గ్లాసు పట్టుకున్న కుడిచెయ్యి వణుకుతోంది. ఎడమచేత్తో ఆ మణికట్టును గట్టిగా పట్టుకుని గ్లాసును నోటిదాకా తీసుకుపోతోంది.

నేను చూసినట్టు ఆమెకు తెలియనివ్వలేదు. మధ్యాహ్నం ఆమె పక్కగదిలో నమాజుకు వెళ్ళినప్పుడు ఆమె బల్ల మీది కాగితం చూస్తే, పొడుగాటి గీతల్లో సన్నని వంకర కనిపించేది. గబగబా బ్లేడుతో గీకి, అదే పెన్నుతో సరిచేసి, నా కుర్చీలో కూర్చునేదాన్ని. ఆమె వచ్చి కాగితం వైపు ఒక్క క్షణం చూసి పనిలో పడేది. తన గీతేదో పరాయి గీతేదో ఆపాకు తెలియకుండా ఉంటుందా. ఇద్దరం ఒకే దొంగతనం చేస్తూ ఒకరికొకరు తెలియనట్టు నటించాం. అట్లా ఎన్ని నెలలు గడిచాయో లెక్కలేదు.

ఎనభైల చివర్లో సారు బెంగళూరు నుంచి సెకండ్‌హ్యాండ్ కంప్యూటరు తెచ్చాడు. కారు వెనకసీట్లో రెండు బొంతల మధ్య పడుకోబెట్టి తెచ్చాడు, బాలింతను తెచ్చినట్టు. సారు భార్య వచ్చి కొబ్బరికాయ కొట్టింది. పూజ చేస్తూ కీబోర్డు మీద కుంకుమ కూడా చల్లింది. ఆ కుంకుమ మీటల సందుల్లోకి దిగడంతో ఒక మీట నొక్కితే లేవడం మానేసింది. దువ్వెన పళ్ళతో, పాత టూత్‌బ్రష్‌తో దాన్ని తీయడానికి నాకు ఒక పూట పట్టింది. ఆ పూటంతా నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయను.

చెప్పులు బయట విడవాలి, కిటికీ మూసి ఉంచాలి, దుమ్ము పడగూడదు. ఇవన్నీ చెప్పాక సారు గొంతు సవరించుకున్నాడు.

"ఇంక పటాలన్నీ దీంట్లోనే. చేత్తో గీసేది ఈ ఏడుతో ఆఖరు. ఇద్దరూ నేర్చుకోవల్ల. నేర్చుకోలేనోళ్ళను పెట్టుకుని జీతమిచ్చే శక్తి నాకు లేదమ్మా, ముందే చెప్తాండా."

ఆయన చెడ్డవాడు కాదు. ఉన్నమాట ఎదటే అనేసే రకం.

ఆపా ముఖం మాత్రం వెలిగింది. ఎందుకో నాకు తెలుసు. మిషనులో గీత వంకరపోదు. ఈ కొస, ఆ కొస చూపిస్తే మధ్యలో గీతను అదే గీసుకుంటుంది. చెయ్యి వణికితేనేం, గీత వణకదు కదా అనుకుంది. నేనూ అట్లాగే అనుకున్నాను.

కొస చూపించాలంటే మౌసు పట్టుకోవాలని ఇద్దరం మర్చిపోయాం. ఆపా మౌసు మీద చెయ్యి పెట్టగానే తెర మీద గుర్తు ఈగలాగా ఎగరసాగింది. నేలగీత మొదలుపెట్టాల్సిన చోటు ఒకటి, నొక్కిన చోటు ఇంకొకటి. రెండోసారి నొక్కింది. మూడోసారి. చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"కాగితం మీదైతే నాకొక్కదానికే కనపడేది పాపా. ఈడ అద్దంలో పెట్టి ఊరందరికీ చూపిస్తాంది," అంది.

చెయ్యి మాట మా ఇద్దరి మధ్య నోటితో వచ్చింది అదే మొదటిసారి. నేను "మిషన్ పాతది ఆపా, దానికే ఏదో జబ్బు," అన్నాను. ఆమె నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు వెంటనే కోపమొస్తుంది. ఆ కోపంలోనే మిషనుతోపాటు వచ్చిన లావుపాటి పుస్తకాన్ని ఇంటికి మోసుకుపోయాను.

ఆ రోజుల్లో ఆ డ్రాయింగ్ ప్రోగ్రాముకు ప్రతి పనీ ఇంగ్లీషులో టైపు చేసి చెప్పాలి. గీత అంటే ఒక మాట, వృత్తమంటే ఒక మాట, చెరపాలంటే ఒక మాట. అయితే కొన్ని పనులను వరసగా కట్టి ఒక కొత్త మాటగా మనమే నేర్పవచ్చని పుస్తకం చివర్లో ఉంది. ఇంకో ఫ్లాపీలో మరో చిన్న ప్రోగ్రాము ఉండేది. ఏ మీట నొక్కితే ఏ మాట పోవాలో ముందే చెప్పి పెడితే, ఒక్క నొక్కుతో ఆ మాటంతా అదే టైపు చేసేస్తుంది. ఈ రెండూ కలిపితే, మౌసు ముట్టకుండా బావి గీయవచ్చు. ఒక మీట నొక్కితే నేల. ఇంకో మీట నొక్కితే గోడ.

చెప్పినంత సులువుగా జరగలేదు. నేర్పే మాటల నిండా బ్రాకెట్లే. ఒక్క బ్రాకెట్టు తక్కువైతే మిషను మూగనోము పట్టేది. అంతలో కరెంటు పోయేది, పోతే పొద్దున్నుంచి చేసిందంతా గంగలో కలిసేది. అందుకే నేను అన్నిటికంటే ముందు చేసిన మీట దాచిపెట్టే మీట. పది నిమిషాలకొకసారి దాన్ని నొక్కడం మా ఇద్దరికీ దండం పెట్టుకోవడమంత అలవాటయింది.

రెండు నెలలకు పది మీటలు తయారయ్యాయి. గర్వంగా ఆపాను కూర్చోబెట్టి చూపించాను. ఇంగ్లీషు మాటల్లో మొదటి అక్షరం ఏదైతే అదే మీట పెట్టాను, గుర్తుండాలని. ఆమె రెండు నిమిషాలు చూసింది.

"ఇదంతా నీ కోసం చేసుకున్నావా, నా కోసమా?"

"నీకే ఆపా."

"నాకైతే ఈ అక్షరాలు బొమ్మలు. ఏ బొమ్మ ఏ మాటకు మొదలో నాకేం తెలుసు? బావి నేను ఎట్ల గీస్తానో ఏడేండ్లు పక్కన కూర్చుని చూడలేదా నువ్వు?"

మొఖాన కొట్టినట్టయింది, కానీ నిజం. ఆపా ఏ బావిని గీసినా ఒకే వరస. ముందు నేల. తర్వాత పైమట్టి. దాని కింద గరుసు, అంటే మట్టీ రాయీ కలిసిన పొర. తర్వాత చుట్టూ రాతి కట్టడం. తర్వాత మట్లు. ఒక మనిషి నిలువెత్తు లోతును మా వైపు మట్టు అంటారు. బావి లోతును అడుగుల్లో రాసేది ఆఫీసుకు, మట్లలో చెప్పేది తవ్వేవాళ్ళకు. ఆ తర్వాత దిగే మెట్లు. తర్వాత అడుగు బండ. అన్నిటికంటే చివర నీళ్ళ గీత. నీళ్ళు ముందే గీస్తే బావికి అచ్చిరాదని ఆమె నమ్మకం. నేను నవ్వేదాన్ని గానీ నేనూ చివరే గీసేదాన్ని.

ఆ వరసనే కీబోర్డు పై వరసలో ఎడమనుంచి కుడికి పెట్టాను. గుర్తుకు ఒక్కో మీట మీద ఒక్కో రంగు స్టిక్కరు బొట్టు అతికించాను. నేలకు ఆకుపచ్చ, మట్టికి ఎరుపు, నీళ్ళకు నీలం.

"నేను పెట్టుకోను గానీ నీ మిషనుకు మాత్రం పేరంటం చేసినావే," అని ఆపా పగలబడి నవ్వింది. అంతగా నవ్వగా చూసి అప్పటికి చాన్నాళ్ళయింది.

నాకు అన్నిటికంటే ముద్దొచ్చిన మీట మట్టు మీట. ఒకసారి నొక్కితే బావి ఒక మట్టు లోతు దిగుతుంది. గోడలు దిగుతాయి, మెట్లు దిగుతాయి, పక్కన లోతు అంకె మారుతుంది. ఇక నీళ్ళ మీట ఇంకా తెలివైనది. బావి అడుగు ఎక్కడుంటే అక్కడినుంచి మోకాలెత్తున నీళ్ళ గీతను దానంతట అదే గీసేది. అడగాల్సిన పనిలేదు. ఎంత తెలివిగా చేశానో అని నా భుజం నేనే తట్టుకున్నాను.

చేత్తో గీస్తే మూడురోజులు పట్టే పటం ఆపా ఒక పూటలో గీయడం మొదలుపెట్టింది. సారు వెనక నిలబడి చూసి, "ఏమ్మా, నేర్పినదానికంటే నేర్చుకున్నామె జోరుగా ఉండాదే," అన్నాడు. ఆపా తలొంచుకుని నవ్వింది. ఆమె కుర్చీకి ఇంక ఢోకా లేదని నాకు ఆ రోజు నమ్మకం కుదిరింది. ఇంటికి నడిచి పోతూ దారిలో మిఠాయి కొనుక్కున్నాను, ఎవరికీ చెప్పకుండా నేనే తిన్నాను.

ఒకటుంది. ఆపా మీటలన్నీ కుడిచేత్తోనే నొక్కేది, ఎడమచేత్తో ఆ మణికట్టును పట్టుకుని. ఎడమచెయ్యి వణకదు కదా, దాంతోనే నొక్కరాదా అని ఒకసారి అన్నాను.

"కూడు పెట్టే పని పాపా ఇది. ఎడమచెయ్యి పెడతామా?"

మా ఇంట్లోనూ అంతే. బియ్యం డబ్బా మూత కూడా మా అమ్మ ఎడమచేత్తో తీయనిచ్చేది కాదు. కాబట్టి వణికే చెయ్యే నొక్కింది. వణికే చెయ్యి ఒక్కోసారి రెండుసార్లు పడేది. నేల మీట రెండుసార్లు పడితే గీత మీద గీత, నష్టం లేదు. ఒకసారి నేను చూస్తుండగానే మట్టు మీట రెండుసార్లు పడింది, బావి ఒక్క గుటకలో రెండు మట్లు దిగింది. ఆపా నాలుక కరుచుకుని ఒకటి చెరిపేసింది.

"దీనికి ఏదో ఒక అడ్డం పెడతా ఆపా, రేపే," అన్నాను.

ఆ రేపు రాలేదు. నా ఆరంభశూరత్వం జగమెరిగినదే. మీటలు చేయడంలో ఉన్న సరదా అడ్డం పెట్టడంలో లేదు.

మా ఆఫీసులో ఒక పద్ధతి ఉండేది. ఒకరు గీసింది ఇంకొకరు కొలతల పుస్తకంతో సరిచూసి ఎర్ర పెన్సిలుతో టిక్కు పెట్టాలి. నేను గీసిన వాటిని ఆపా అంకె అంకె చూసేది. ఆపా గీసిన వాటికి నేను చూడకుండానే టిక్కు పెట్టేదాన్ని. నాకు గీత నేర్పిన మనిషిని నేను సరిచూడ్డమేంటి అనుకునేదాన్ని. అది గౌరవమని అప్పట్లో నా భ్రమ.

శింగనమల వైపు పల్లెల బావులు ఒక కట్టగా వచ్చాయి. ఆపా అన్నీ గీసింది, నేను అన్నిటికీ టిక్కు పెట్టాను, ప్రింట్లు పోయాయి. నెల దాటాక ఒక ఉదయం, బావి పని చేయించే మేస్త్రీ ఒకాయన మెట్లెక్కి వచ్చాడు. యాభై దాటిన మనిషి, తలకు చుట్టిన తువాలు నిండా రాతిపిండి. చేతిలో మా ప్రింటు, నాలుగు మడతలు పెట్టింది. చెప్పులు విడవకుండానే లోపలికొచ్చాడు.

"ఏం సార్, ఈడ పది మట్లని రాసినారు. తొమ్మిదో మట్టు కాడ పరుపుబండ ఉండాదని కొలతల మనిషి వచ్చినప్పుడే నేను చెప్పినా గదా?"

సారు కొలతల పుస్తకం తెప్పించాడు. పుస్తకంలో తొమ్మిదే ఉంది. పక్కన 'కింద బండ, ఆపవలెను' అని కూడా ఉంది. పటంలో పది. పదో మట్టు అడుగున, మోకాలెత్తున, చక్కటి నీళ్ళ గీత.

"మరి బండ కనపడినాక ఎందుకు తవ్వినావు?" అన్నాడు సారు.

"కాగితంలో నీళ్ళు చూపిచ్చినారు గదా సార్. చదువుకున్నోళ్ళు మిషన్ పెట్టి చూసినారేమో, బండ కింద జల ఉండాదేమో అనుకున్నాం. ఎనిమిది దినాలు కొట్టినాం సార్ ఆ బండని. సమ్మెట్లు వంగినాయి. చుక్క లేదు."

సారు ప్రింటును బల్ల మీద పరిచాడు. "ఎవరు గీసినారిది?"

నాకు తెలుసు. మీట నాది. అడ్డం పెట్టనిది నేను. అడక్కుండా నీళ్ళు గీసే తెలివి నాది. కింద ఎర్ర టిక్కు కూడా నాదే. నోరు తెరవాల్సింది నేను. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. ఇన్నేళ్ళయినా ఆ నిమిషం గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. అయినదానికీ కానిదానికీ నోరు పారేసుకునే నేను, ఆ ఒక్కసారి నోరు మూసుకున్నాను.

ఆపా కుర్చీలోంచి లేచింది. సారు బల్ల దగ్గరికి వెళ్ళింది. ఎడమచెయ్యి మణికట్టు మీదనుంచి తీసేసి, కుడిచేతిని ప్రింటు మీద చాపి పట్టుకుంది. ఆ చెయ్యి ఎంత వణుకుతోందో నేను కూడా అదే మొదటిసారి పూర్తిగా చూడ్డం. వేళ్ళ కింద కాగితం గరగరమని చప్పుడు చేసింది.

"నేనే సార్. నా చెయ్యి ఇట్ల ఉండాది. మూడేండ్ల నుంచీ. మీట రెండుతూర్లు పడింది. కూర్చీ పోతాదని చెప్పలేదు."

మేస్త్రీ ఆ చేతి వైపు చూసి తలగుడ్డ విప్పి భుజాన వేసుకున్నాడు. అప్పటికి నేనూ ఆమె పక్కకు వెళ్ళాను. అంతా చెప్పాను. మీటల సంగతి, చూడకుండా పెట్టిన టిక్కు సంగతి, పక్కగదిలో ఆమె నమాజు చేస్తుంటే గీతలు దిద్దిన సంగతి. చెబుతూ చెబుతూ ఏడ్చాను.

సారు కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకున్నాడు.

"నేను ముప్పై ఏండ్లు సర్కారులో చేసినా. తప్పు నాదని ఒక్కడూ లేచి నిలబడింది చూడలేదు. నీ కూర్చీ యాడికీ పోదు, కూర్చోమ్మా," అన్నాడు ఆపాతో. తర్వాత నావైపు తిరిగాడు. "ఎవరూ అడక్కుండా దానంతట అది నీళ్ళు గీసే మీట పెట్టినావు సూడు, అదీ తప్పంటే. రేపటికల్లా దాన్ని సరిచెయ్యి."

నేను సరేనన్నాను. ఆపా మాత్రం కూర్చోలేదు.

"సార్, నేను ఆ బావి కాడికి పోయి రావల్ల."

"పోయి ఏం చేస్తావమ్మా?"

"ఇరవై ఏండ్లుగా బావులు గీస్తాండా. గీసింది ఒక్కటీ చూడలేదు."

మర్నాడు శింగనమల బస్సెక్కాం, ఆపా, నేను. బస్సు దిగి, మేస్త్రీ వెంట ఎర్రటి చెలక గట్ల మీద మైలు పైనే నడిచాం. వేరుశనగ మొలిచిన చోట మొలిచింది, లేనిచోట లేదు. బావి గట్టున తవ్వి పోసిన రాళ్ళు కుప్పగా ఉన్నాయి. కొత్త రాయి నల్లగా, నూనె పూసినట్టు మెరుస్తోంది. ఎనిమిది రోజుల రాయి అదే.

ఆపా గట్టు అంచున కూర్చుని లోపలికి చూసింది. మేము గీసే మెట్లే, రాతి కట్టడమే, గరుసు పొరే. అన్నీ మేము గీసినట్టే ఉన్నాయి. కింద, పటంలో నీళ్ళ గీత ఉన్నచోట, పొడి బండ, దాని మీద సుత్తి దెబ్బల తెల్లటి మచ్చలు.

రాళ్ళు మోసిన కూలి ఆడమనిషి ఒకామె, నా వయసుదే ఉంటుంది, తలమీద చుట్టకుదురు తీయకుండానే మా దగ్గరికి వచ్చింది. మేస్త్రీ ఆపాను చూపించి, పటం గీసింది ఈమేనని చెప్పాడు.

"తప్పు నాదే తల్లీ," అంది ఆపా. "మీకందరికీ చెప్పిపోదామని వచ్చినా."

ఆమె కోపంగా ఏమీ లేదు. ఎడమకాలితో ఒక రాయిని పక్కకు నెట్టింది.

"ఎనిమిది దినాలు పనైతే దొరికింది లేమ్మా మాకు. ఈ కరువులో అదే మేలు. అయితే ఒకటి. పొద్దన్నే దిగేటప్పుడు దినామూ మేస్త్రీని అడుగుతాంటి, నీళ్ళుండాయా అని. కాగితంలో ఉండాయి అంటాన్న్యాడు. ఆ మాట మిందనే మోసినాం రాళ్ళు. లేకపాయె."

ఆపా ఆమె చెయ్యి పట్టుకుంది. తన వణికే చేత్తోనే పట్టుకుంది, దాచుకోలేదు. ఆమె కూడా విడిపించుకోలేదు. తర్వాత ఆమె, "బస్సు పోతాది మీకు, బిరీన పోండి," అంది.

తిరుగు బస్సులో ఆపా కిటికీ వైపు ముఖం పెట్టి కూర్చుంది. నాకు భయమేసింది, పని మానేస్తుందేమోనని. ఊరు దగ్గరపడుతుండగా నావైపు తిరిగింది.

"మట్టు మీటకు అడ్డం పెడతానంటివి గదా. ఏమి పెడతావు?"

"మీట పడినాక వెంటనే దిగదు ఆపా. నిజంగా దించాలా అని తెర మీద అడుగుతాది. ఇంకోపక్క ఉండే వేరే మీట నొక్కితేనే దిగుతాది. చెయ్యి రెండుసార్లు పడినా ఏమీ కాదు."

"ఇంగ్లీషులో అడుగుతాదా?"

"ఊ."

"వద్దు. ఆ పాప అడిగినట్ల అడగనీ. నీళ్ళుండాయా అని. ప్రతి మట్టుకూ అడగనీ."

నేను మర్నాడు కూర్చుని బ్రాకెట్లన్నీ సరిచూసుకుంటూ అట్లాగే చేశాను. ఆ మిషనుకు తెలుగు అక్షరాలు రావు. ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు మాట రాశాను. ఆపాకు చదవడం రాదని, ఒక్కొక్క అక్షరం వేలుతో చూపించి ఏ శబ్దం ఎక్కడుందో చెప్పాను. "ఈ అక్షరాలన్నీ నేను లక్షసార్లు గీసినవే, ఒక్కటీ మాట్లాడింది ల్యా ఇంతవరకూ," అంది. నీళ్ళ మీటను కూడా మార్చాను. కొలతల పుస్తకంలోని అంకె వేస్తేనే గీత పడుతుంది, అంకె లేకుంటే బావి ఎండినట్టే మిగిలిపోతుంది. ఎర్ర పెన్సిలు టిక్కు పెట్టేముందు ప్రతి అంకెనూ చూడ్డం నేను అప్పుడు నేర్చుకున్నాను. ఆపా గీసినవైతే రెండుసార్లు చూసేదాన్ని.

నేను ఆ తర్వాత వేరే ఆఫీసులకు వెళ్ళాను, ఎన్నో మిషన్లు చూశాను, నాకోసం ఎన్నో మీటలు చేసుకున్నాను. అవన్నీ పని తొందరగా కావడానికి. ఆ ఒక్కటీ నెమ్మదిగా కావడానికి.

మేమిద్దరం కలిసి పనిచేసిన రోజుల్లో ఆపా మట్టు మీట నొక్కిన ప్రతిసారీ తెర మీద ఆ మాట వచ్చి నిలబడేది. నీళ్ళుండాయా. నేనైతే చటుక్కున జవాబు మీట నొక్కేసేదాన్నేమో. ఆపా నొక్కేది కాదు. వణికే చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుని, కొలతల పుస్తకం దగ్గరికి లాక్కుని, తెర వైపు చూసి పైకే చెప్పేది.

"ఉండు తల్లీ, చూసి చెప్తా."